కరువులో పనులెందుకు, డబ్బులే వేసేయొచ్చు కదా? (కొలతలు తీసినవాడి సమాధానం)

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ మండలాన్ని కరువు మండలం అని ప్రకటించారు, ఊళ్ళో పనులు పెట్టమని పైనుంచి ఒత్తిడి, మే నెల ఎండలో జనాన్ని నిలబెట్టి గుంతలు తవ్వించి మళ్ళీ గుంతలు పూడ్పించే బదులు ఆ డబ్బేదో నేరుగా అకౌంట్లో వేసేస్తే పోలా అని. చివర్లో మీ పెద్దమ్మ గురించి కూడా అడిగారు, 68 ఏళ్ళు, నేనూ పనికి పోతా అంటోంది, పంపాలా వద్దా అని. దాని సంగతి ఆఖర్న చెప్తా, మర్చిపోను.

నేను పదమూడేళ్ళు ఉపాధి హామీలో టెక్నికల్ అసిస్టెంట్‌గా టేపు పట్టుకుని తిరిగా, తర్వాత కొన్నాళ్ళు సోషల్ ఆడిట్ వాళ్ళతో (పనులూ లెక్కలూ నిజమో కాదో ఊళ్ళోనే తనిఖీ చేసేవాళ్ళు) ఊళ్ళు తిరిగా, అంతా రాయలసీమ వైపే. కాబట్టి ఇక్కడ చెప్పేది కొంత చదివింది, ఎక్కువ భాగం తిట్లు తిని నేర్చుకున్నది.

సూటి సమాధానం: పని చేయగలిగినవాళ్ళకి పని, చేయలేనివాళ్ళకి ఊరికే తిండో డబ్బో, రెండూ ఒకేసారి మొదలవ్వాలి. ఏ ఒక్కటీ చాలదు. ఇంకోటి, పని పెట్టడం పెద్ద విషయం కాదు, ఎవరైనా పెడతారు, కూలి డబ్బులు వారం పది రోజుల్లో చేతికి రాకపోతే అది కరువు సాయం కానే కాదు, ప్రభుత్వం పేదవాడి దగ్గర అప్పు చేసినట్టు లెక్క.

ఇప్పుడు డబ్బులే ఎందుకు వేసేయకూడదు అనేదానికి వద్దాం. వేయొచ్చు, తప్పేం లేదు, కానీ ఎవరికి వేయాలి? మీకు వెంటనే ఒక లిస్టు కావాలి. ఆ లిస్టు ఎవరు రాస్తారు? ఊళ్ళో ఎవరి చేతిలో పెన్ను ఉందో వాళ్ళే. కొత్తగా పెళ్ళై వేరు కాపురం పెట్టిన జంట పేరు ఉండదు ఎందుకంటే రేషన్ కార్డు ఇంకా తండ్రి పేరుమీదే ఉంది, రెండేళ్ళుగా బెంగళూరులో సిమెంటు పనికిపోయి ఇప్పుడు తిరిగొచ్చిన వాళ్ళ పేరు ఉండదు, భర్త వదిలేసిన ఆడమనిషి పేరు ఏ ఇంట్లోనూ ఉండదు. ట్రాక్టర్ ఉన్నాయన పేరు మాత్రం ఉంటుంది. నేను చూసిన ప్రతి లిస్టులోనూ ఇదే తంతు, పార్టీ మారితే పేర్లు మారతాయి అంతే.

పని పెడితే లిస్టు దానంతట అదే తయారవుతుంది. ట్రాక్టర్ ఉన్నాయన నలభై మూడు డిగ్రీల ఎండలో పార పట్టుకుని రాడు, రమ్మన్నా రాడు. అవసరం ఉన్నవాడే పొద్దున ఐదున్నరకి సద్ది కట్టుకుని వస్తాడు. నువ్వు పేదవాడివా కాదా అని ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఇది మన దగ్గర కొత్తగా కనిపెట్టిందేం కాదు, 1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన వేసిన ఫామిన్ కమిషన్ రిపోర్టు ఇచ్చింది, దాని తర్వాత 1883 నుంచి ప్రావిన్సుల్లో ఫామిన్ కోడ్‌లు (కరువొస్తే ఏం చేయాలో చెప్పే రూల్ పుస్తకాలు) వచ్చాయి, వాటికి వెన్నెముక ఈ ఆలోచనే. అందులో నాకు బాగా నచ్చిన విషయం టెస్ట్ వర్క్స్. కరువు వచ్చిందా లేదా అని కలెక్టర్ ఆఫీసులో కూర్చుని వాదించుకోకుండా ఒక పని తెరిచి చూడమంటుంది. జనం గుంపులు గుంపులుగా వస్తే కరువు వచ్చినట్టే, ఎవరూ రాకపోతే ఇంకా తట్టుకుంటున్నారని. ధరలు ఎగబాకడం, జనం ఊళ్ళు వదిలి తిరగడం, చిల్లర దొంగతనాలు పెరగడం, వీటిని కూడా ముందస్తు గుర్తులుగా చూడమని రాశారు. ఇప్పటికీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేర్లు ఒక్కసారిగా రెట్టింపు అయ్యాయంటే ఊళ్ళో ఏదో తేడా కొట్టిందని నేను పేపర్ చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి.

ఆ గుర్తులన్నీ కనిపిస్తున్నా ప్రకటించకపోతే ఏమవుతుందో 1943లో బెంగాల్‌లో చూశాం. ఫామిన్ కోడ్ అల్మారాలో ఉంది, దాని కింద కరువు అని ప్రకటించలేదు, ప్రకటిస్తే పనులు పెట్టాలి తిండి పెట్టాలి కాబట్టి. అప్పుడు జనం చేతిలో బియ్యం కొనే డబ్బు లేక చచ్చిపోయారని అమర్త్యసేన్ చెప్పిన వాదన మీరు వినే ఉంటారు. కూలివాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఇలా కొనుక్కుని తినేవాళ్ళే ముందు పోయారు. కరువు అంటే ముందు పోయేది పని, పనితో కూలి, కూలితో తిండి. వాన పడకపోతే చెనక్కాయ చేను ఎండిపోవడం రైతు నష్టం, దాంతో కలుపు తీసే పని, కాయ ఒలిచే పని ఏవీ లేకపోవడం కూలివాడి నష్టం, ఈ రెండోది ఎవరూ పంట నష్టం లెక్కల్లో రాయరు. పని పెట్టడం అంటే ఆ పోయిన కూలిని తిరిగి పెట్టడం.

ఇంకో లాభం కూడా ఉంది, బయటికి చెప్పరు గానీ పెద్ద రైతులకి ఈ పనులంటే అందుకే పడదు: ఊళ్ళో కూలి రేటుకి ఒక అడుగు పడుతుంది. కరువులో వంద మంది పని కోసం తిరుగుతుంటే ఎంత తక్కువకైనా వస్తారు, ప్రభుత్వ పని ఒకటి నడుస్తుంటే ఆ రేటు కన్నా తక్కువకి ఎవరూ రారు.

సరే, ఇదంతా పనుల తరఫు వకాల్తా. ఇప్పుడు రెండో వైపు, ఇదే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నది, ఎందుకంటే పనులు పెట్టి కూడా జనాన్ని చంపిన చరిత్ర ఉంది.

1876-78 కరువు, మన వైపు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. మద్రాసు ప్రెసిడెన్సీలో పనులు పెట్టారు, లక్షల మంది వచ్చారు. అప్పుడు ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. ఈయన కథ విచిత్రం. మూడేళ్ళ ముందు, 1873-74లో బీహార్‌లో కరువొస్తే ఇదే మనిషి బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు, చావులు చాలా తక్కువ, దానికి శభాష్ అనాల్సింది పోయి ఖజానా తగలేశావని తిట్టారు. ఆ తిట్లు మనసులో పెట్టుకుని మద్రాసు వచ్చాడో ఏమో, 1877 జనవరిలో కూలి తగ్గించేశాడు. రోజంతా మట్టి మోసిన మగవాడికి 450 గ్రాముల ధాన్యం, పైన ఒక అణా. ఆడవాళ్ళకి, పిల్లలకి ఇంకా తక్కువ. పైగా ఇంటికి పది మైళ్ళ లోపల పని ఇవ్వకూడదని ఒక నియమం, సులువుగా దొరికితే సోమరులు వస్తారని. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టర్ మొత్తుకున్నాడు, ఈ తిండితో కూర్చున్న మనిషే బతకడు, మట్టి మోసేవాడు ఎలా బతుకుతాడు, కనీసం 680 గ్రాములు, పైన పప్పూ కూరా ఉండాలని. తర్వాత కొంచెం పెంచారు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతాల్లోనే 55 లక్షల మంది దాకా పోయారని అంచనా. అటు బొంబాయి ప్రెసిడెన్సీలో ఈ కూలికి మేం చేయం అని జనం పనులు వదిలి వెళ్ళిపోయారు కూడా, ఆకలితో ఉన్నవాడు సమ్మె చేశాడంటే ఎంత మండి ఉంటుందో ఆలోచించండి. మద్రాసులో బకింగ్‌హాం కాలువ ఉంది చూశారా, ఊరి మధ్యలో అడయారుని కూవంని కలిపే ముక్క, అది ఈ కరువు పనుల్లో తవ్విందే, అప్పటి గవర్నర్ పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఏ మస్టర్‌లో ఉన్నాయో.

ఐర్లాండ్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆలుగడ్డ పంట కుళ్ళిపోయింది, 1846-47 చలికాలంలో రోడ్ల పనులు పెట్టారు, 1847 మార్చి నాటికి 7 లక్షల మందికి పైగా ఆ పనుల్లో ఉన్నారు. కూలి పనిని కొలిచి ఇచ్చేవాళ్ళు. తిండిలేని మనిషి ఎంత తవ్వుతాడు? తక్కువ తవ్వితే తక్కువ కూలి, తక్కువ కూలికి తక్కువ తిండి, రేపు ఇంకా తక్కువ తవ్వుతాడు. ఆ కూలి కూడా టైముకి రాకపోయె, ధరలేమో పైపైకి. చివరికి ప్రభుత్వమే చేతులెత్తేసి వంటశాలలు తెరిచి సూప్ పోసింది, 1847 జులైలో రోజుకి 30 లక్షల మందికి పెట్టారు. చావులు తగ్గాయి, పనులకన్నా ఖర్చూ తక్కువే అయ్యింది. అంత బాగా పనిచేసినదాన్ని కొన్ని నెలల్లోనే మూసేశారు, అది వేరే దరిద్రం.

అంటే ఏంటన్నమాట, పని అనేది ఇంకా ఒంట్లో శక్తి ఉన్నవాడికి ఇచ్చే సాయం. శక్తి పోయాక పని ఇస్తే అది శిక్ష. అందుకే ముందుగా పెట్టాలి. సంక్రాంతి దాటేసరికి వాన లెక్క తేలిపోతుంది, చేను ఎండిందా లేదా అందరికీ తెలుసు, ఫిబ్రవరిలో పనులు మొదలుపెట్టాలి. మన దగ్గర ఏప్రిల్ ఆఖర్లో లేచి హడావుడి చేస్తారు, అప్పటికి వలస బస్సు ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేస్తారు, మిగిలేది ముసలోళ్ళు, బాలింతలు.

ఈ కొలత గొడవ నా సొంత అనుభవంలో ఎలా ఉంటుందో చెప్తా. ఉద్యోగంలో చేరిన మొదటి ఎండాకాలం, ఒక చెరువులో పూడిక తీసే పని. ఎస్టిమేట్ రాసినప్పుడు మెత్తటి నేల అని రాశారు, రాసింది చలికాలంలో, అప్పుడు తేమ ఉంది మెత్తగానే ఉంది. మే నెలకి అది రాయిలా అయిపోయింది, గడ్డపార వేస్తే టంగ్ అని మోగి చేతికి తిరిగొస్తోంది. గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మ వదిలేస్తాం, అసలు నేల ఎంత ఎత్తున ఉండిందో తెలియడానికి, దాని పక్కన టేపు పెట్టి కొలిస్తే వారం మొత్తానికి ఒక్క అడుగు కూడా దిగలేదు. లెక్క ఇలా ఉంటుంది: క్యూబిక్ మీటరుకి 200 రూపాయలు అనుకోండి, రోజు కూలి 300 అనుకోండి, మనిషి రోజుకి ఒకటిన్నర క్యూబిక్ మీటర్లు తీస్తే పూర్తి కూలి పడుతుంది. వీళ్ళు ముప్పావు క్యూబిక్ మీటరే తీయగలిగారు. సగం కూలి రాశా. రూల్ ప్రకారం కరెక్టే రాశా. ఆ రోజు ఒక ముసలాయన పార నా ముందు పడేసి, నువ్వు ఒక్క గంట తవ్వి చూపించు సారూ ఆ తర్వాత రాసుకో అన్నాడు. తవ్వా. పావుగంటకి అరచేతుల్లో బొబ్బలు.

తర్వాత మా పైన ఇంజనీరుకి చూపించి గట్టి నేల కింద మార్పించాం, దానికి రేటు ఎక్కువ. ఇంకో పద్ధతి కూడా నేర్చుకున్నా, ముందురోజు సాయంత్రం తవ్వబోయే చోట ట్యాంకరుతో తడపడం, తెల్లారేసరికి నేల వదులవుతుంది. ఎండాకాలం కూలి మీద 20 నుంచి 30 శాతం దాకా కలిపే వేసవి భత్యం మన దగ్గర ఉండేది, అంటే ఎండలో అదే మనిషి తక్కువ పని చేస్తాడని ఒప్పుకున్నట్టు. టెంపుల్ కూలికీ దీనికీ తేడా అక్కడే ఉంది, నన్నడిగితే ఈ 140 ఏళ్ళలో మనం నేర్చుకున్నది ప్రధానంగా ఇదే. మీరు పనులు చూసేవాళ్ళయితే మొదటి వారం కొలత పెట్టకండి, హాజరు ప్రకారం కూలి వచ్చేలా మీ ఇంజనీరుతో మాట్లాడుకుని సులువైన పని ఇవ్వండి, ఒంట్లోకి నాలుగు ముద్దలు పోయాక జనమే పనిని అందుకుంటారు.

ఇక డబ్బు ఆలస్యం. 2005లో వచ్చిన ఉపాధి చట్టం (2025 చివర్లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు), 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా మొదలైంది, మొదట 200 జిల్లాల్లో. అందులో కాగితం మీద రాసింది చదివితే కళ్ళు చెమరుస్తాయి నిజంగా: ఇంటికి 100 రోజుల పని, కరువు ప్రకటించిన చోట అదనంగా 50, అడిగిన 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి, ఊరికి 5 కిలోమీటర్ల లోపు పని, దాటితే పది శాతం ఎక్కువ కూలి, కాంట్రాక్టర్లు వద్దు, మనుషుల పనిని మింగే మిషన్లు వద్దు, పనిచోట నీళ్ళు నీడ మందుల పెట్టె, ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషి. టెంపుల్ పది మైళ్ళ అవతల పెట్టమంటే ఈ చట్టం గుమ్మం దగ్గర పెట్టమంది. కూలి 15 రోజుల్లో ఇవ్వాలని ఉండేది, దాటితే రోజుకి 0.05 శాతం పరిహారం అని తర్వాత చేర్చారు. అంటే 2,000 రూపాయల కూలి ఆగితే రోజుకి ఒక్క రూపాయి! ఊళ్ళో వడ్డీ నూటికి మూడు, అంటే అదే 2,000కి నెలకి 60, రోజుకి రెండు రూపాయలు. ఆ ఒక్క రూపాయి కూడా రావడం నేను చాలా తక్కువ చూశా.

ఒక ఊళ్ళో కందకాల పని బ్రహ్మాండంగా నడుస్తోంది, నూట ఇరవై మంది, అంతా పద్ధతిగా ఉంది, నేనే ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి మెప్పు పొందా. డబ్బులు రాలేదు, రెండో వారం రాలేదు, మూడో వారం ఇంకా ఎఫ్‌టీవో (అకౌంట్లో డబ్బు వేయమనే ఆర్డరు) పెండింగ్ అంటున్నారు. నాలుగో సోమవారం పొద్దున్నే వెళ్తే పద్నాలుగు మంది ఉన్నారు. మిగతావాళ్ళు ఏరి అని మేటుని (గుంపు పని చూసే మనిషిని) అడిగితే ఆ అమ్మాయి ఏం మాట్లాడకుండా రోడ్డు వైపు చూపించింది, ఆదివారం రాత్రి మేస్త్రీ బండి తెచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి తీసుకుపోయాడంట. అడ్వాన్సు, అంటే చేయబోయే పనికి ముందే డబ్బు. మేమేమో చేసిన పనికి కూడా ఇవ్వలేకపోయాం. ఎవరి బండి ఎక్కుతారు చెప్పండి. ఆ కందకాలు సగంలో ఆగిపోయాయి, ఇద్దరు పిల్లలు బడి మానేసి వాళ్ళమ్మానాన్నలతో పోయారు, డబ్బులు నలభై రోజులకి పడ్డాయి, ఎవరికీ ఉపయోగం లేకుండా. పని పెట్టేముందు డబ్బు దారి చూసుకోమని నేను అందరికీ చెప్పేది దీనివల్లే. మీ చేతిలో లేని విషయం అని నాకు తెలుసు, కనీసం మస్టర్ ముగిసిన మర్నాడే కొలతలు తీసి ఎం.బుక్ (కొలతలు రాసే పుస్తకం) మూసి కంప్యూటర్లో ఎక్కించడం మీ చేతిలో ఉంది, ఆలస్యంలో సగం అక్కడే పుడుతుంది.

గుంతలు తవ్వి గుంతలు పూడ్చడం అన్నారు. ఈ వెటకారం పాతదే, లక్నోలో బడా ఇమాంబరా 1784 కరువులో అక్కడి నవాబు ఆసఫుద్దౌలా జనానికి పని కల్పించడం కోసం మొదలుపెట్టాడని, పగలు కట్టింది రాత్రి పూట పరువుగల పెద్దింటివాళ్ళు వచ్చి కూల్చి కూలి తీసుకునేవాళ్ళని ఒక కథ చెప్తారు, చీకట్లో ఎవరి ముఖం ఎవరికీ కనపడకుండా. కథ నిజమో కాదో పక్కన పెడితే అందులో ఒక మర్యాద ఉంది. మహారాష్ట్రలో 1970-73 కరువులో పనులు చూపించలేక చాలా చోట్ల జనాన్ని కూర్చోబెట్టి కంకర కొట్టించారు, గుట్టలు గుట్టలు పేరుకుపోయింది. దాన్ని చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. కానీ 1973 మే నెలలో దాదాపు 50 లక్షల మంది ఆ పనుల మీద ఉన్నారు, అంత ఘోరమైన కరువులో చావులు పెద్దగా లేకుండా బయటపడ్డారు. అక్కడినుంచే ఉపాధి హామీ అనే మాట చట్టమైంది, 1977లో, ఊళ్ళో కూలివాడి పనికి బొంబాయిలో జీతగాళ్ళ దగ్గర ప్రొఫెషనల్ టాక్స్ వసూలు చేసి మరీ డబ్బు పెట్టారు. కంకర గుట్టకి విలువ లేకపోయినా అది కొట్టినవాడి ఇంట్లో పొయ్యి వెలిగింది కదా. 2020లో లాక్‌డౌన్ అప్పుడు కూడా అంతే, నగరాల నుంచి నడిచొచ్చిన జనానికి ఊళ్ళో ఈ ఒక్క తలుపే తెరిచి ఉంది, ఆ ఏడాది దేశం మొత్తం మీద దాదాపు 389 కోట్ల పనిదినాలు, ఏడున్నర కోట్ల కుటుంబాలు. మా మండలంలో డిగ్రీ చదివిన పిల్లలు, ప్రైవేటు బడి టీచర్లు తట్ట మోశారు, మొదటి రోజు ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చేవాళ్ళు, ఇమాంబరా కథ అప్పుడు గుర్తొచ్చింది నాకు.

అలాగని పనికిమాలిన పని పెట్టమని కాదు. ఏ పని పెట్టాలి అనేదాంట్లో నా లెక్క ఒకటే, రేపే వాన పడి జనమంతా దుక్కికి వెళ్ళిపోయినా నష్టం లేకుండా ఎక్కడిదక్కడ ఆపేయగలిగే పని అయ్యుండాలి. కందకాలు, పంట కుంటలు, చెరువు పూడిక, సప్లై ఛానల్ బాగుచేయడం ఇవి అలాంటివి, సగం చేస్తే సగం ఉపయోగం. కొత్త కట్ట అలాంటిది కాదు. ఈ పాఠం నాకు ఖరీదుగానే వచ్చింది. వంక మీద ఒక మట్టికట్ట మే నెలలో మొదలుపెట్టాం, వద్దని మా దాంట్లో ఒక పెద్దాయన అన్నాడు, నేను వినలేదు, జూన్ మొదటి వారంలోనే ఒక రాత్రి గట్టి వాన, అప్పటికి కట్ట సగం ఎత్తు లేచింది, అలుగు కట్టలేదు. పొద్దున వెళ్ళి చూస్తే మధ్యలో లారీ పట్టేంత గండి, కింద రెండు చేలల్లో ఇసుక మేట. ఆ రైతు నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది. ధవళేశ్వరం ఆనకట్ట లాంటివి కరువు రాకుండా చేసే పనులు, 1833 గుంటూరు కరువు చూసిన తర్వాత కాటన్ పట్టుబట్టి 1847 నుంచి 1852 దాకా కట్టించింది, వాటికి ఏళ్ళు కావాలి, ఇంజనీర్లు కావాలి, నిలకడ కావాలి. కరువు పని వేరు. రెండూ ఒకదాంట్లో ఇరికిస్తే రెండూ చెడతాయి.

దొంగతనం సంగతి క్లుప్తంగా, ఎందుకంటే దీని మీద అందరికీ తెలుసు. ఆడిట్‌కి వెళ్ళినప్పుడు నేను కాగితాల కన్నా ముందు గుంత గోడ చూసేవాణ్ణి. పారతో తవ్విన గోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది, జేసీబీ తవ్వితే బకెట్ పళ్ళ గీతలు దువ్వెనతో దువ్వినట్టు పైనుంచి కిందకి సమానంగా ఉంటాయి, ఒక వాన పడేదాకా చెరిగిపోవు. మస్టర్‌లో అరవై పేర్లు, గోడ మీద దువ్వెన గీతలు. ఆ అరవై మందిలో కొందరికి పని చేయకుండా అకౌంట్లో పడ్డ డబ్బులో వందో రెండు వందలో ఇచ్చి మిగతాది డ్రా చేయించుకుంటారు. దీనికి మందు గ్రామసభలో మస్టర్ గట్టిగా చదవడమే, ఫలానా ఆమె 24 రోజులు చేసింది అని మైకులో చదవగానే నేను ఆ నెల పుట్టింట్లో కాన్పుకి పోయాగా అని వెనకనుంచి ఒక గొంతు లేస్తుంది చూడండి, ఏ సాఫ్ట్‌వేరూ దానికి సాటి రాదు.

ఇప్పుడు మీ పెద్దమ్మ విషయం. పని చట్టంలో పై వయసు పరిమితి లేదు, పెద్దవయసు వాళ్ళకి జాబ్ కార్డు ఉంటే పని ఇవ్వాల్సిందే. అసలు ఇబ్బంది చట్టంతో కాదు గుంపుతో. మన దగ్గర కొలత గుంపు మొత్తానికి వేసి కూలి సమానంగా పంచుతారు, కాబట్టి బలమైనవాళ్ళు బలమైనవాళ్ళనే గుంపులో పెట్టుకుంటారు, ముసలమ్మ వస్తే మా కూలి పడిపోతుందని ముఖం మీదే అంటారు. అనుకోకుండానే టెంపుల్ పద్ధతి గుంపు లోపలికి దూరిందన్నమాట. ఆమెని తట్ట మోయడానికి పంపకండి. నీళ్ళు పోసే పని, పిల్లల్ని చూసే పని ఆమె పేరు మీద రాయమని మేటుని, ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగండి, వీటికి కొలతతో సంబంధం లేదు, రోజు కూలి వస్తుంది. వాళ్ళు నీళ్ళ మనిషి అవసరం లేదంటే నమ్మకండి, ముప్పై నలభై మంది ఉన్న పనిచోట ఎండాకాలం ఉండి తీరాలి. పొద్దున పదిన్నరకల్లా ఇంటికి తెచ్చేయండి.

దాంతో పాటు ఆమెకి పింఛను వస్తోందో లేదో, రేషన్‌లో వేలిముద్ర పడుతోందో లేదో చూడండి. ముసలివాళ్ళ వేళ్ళు అరిగిపోయి మిషన్ తీసుకోదు, ఏడాదంతా మట్టి పని చేసినవాళ్ళకి మరీనూ, అలా రెండు నెలలు బియ్యం రాని ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ రెండు మూడైనా కనపడేవి నాకు. పాత ఫామిన్ కోడ్‌లో కూడా పని చేయలేని ముసలివాళ్ళకి, జబ్బువాళ్ళకి, దిక్కులేని పిల్లలకి ఊళ్ళోనే ఊరికే సాయం ఇవ్వాలని విడిగా ఉంది, పనితో ముడి పెట్టలేదు. అది మీరు దయతో అడిగేది కాదు. ఆమె పనికి పోతానని ఎందుకు అంటోందో కూడా ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి, నేను చూసిన ముసలమ్మల్లో చాలామంది ఇంట్లో కూర్చుని తింటున్నామన్న మాట పడలేక పారతో వచ్చినవాళ్ళే. అది కారణమైతే నీళ్ళ కుండ పనే ఇప్పించండి. డబ్బు ఎంత పడింది, ఏ తేదీన పడింది అని ఒక నోటుబుక్‌లో రాసి పెట్టండి, పదిహేను రోజులు దాటితే ఆ పుస్తకం పట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, నోటితో చెప్పి రావొద్దు.